మేజోళ్ళ మన్నిక

వస్త్రచరిత్రము వ్రాయువారు రాణుల అంగీలను, ప్రభువుల పట్టుదుస్తులను విరివిగా వర్ణింతురు గాని, వాని క్రింద కాళ్ళకు తొడిగిన మేజోళ్ళను విస్మరింతురు. చిరిగినప్పుడు దక్క జ్ఞప్తికి రాని వస్తువు గదా యని కాబోలు! అయినను, చలిదేశములలో స్కర్టు, అనగా మన పావడవంటి వస్త్రము, ధరించు స్త్రీకి అంచు క్రింది కాలినంతటిని కాపాడవలసినవి ఈ మేజోళ్ళే. అవి వదులైనచో జారును. బిగువైనచో కాలిని నొక్కును. పలుచనైనచో రెండుదినములలో చిరుగును. మందమైనచో అందము లేదని లోకము నవ్వును. సుఖముగా నుండి, చూపున కింపై, పెక్కునాళ్ళు మన్నునట్టి మేజోళ్ళు ఎట్లు లభించునని ఐరోపా, అమెరికా దేశముల స్త్రీలు తరతరములుగా అడుగుచున్నారు. ఈ చిన్న ప్రశ్న చుట్టును యంత్రములు పుట్టినవి, యంత్రములు పగిలినవి, మరణశిక్ష విధించు శాసనములు వచ్చినవి, ఖండాంతర వాణిజ్యములు తారుమారైనవి. కావున దీని చరిత్రము విద్యావంతులైన గృహస్థులు తెలిసికొనదగినదే.

ముందుగా మేజోళ్ళ నిర్మాణమును గ్రహింపవలెను. మన చీరలును, పంచెలును నేతవస్త్రములు. వానియందు పడుగు, పేక యను రెండు వరుసల దారములు ఒకదాని నొకటి దాటుచు బిగిసి యుండును. అట్టి బట్ట సాగదు. మేజోళ్ళో, అల్లికవస్త్రములు. ఒకే దారమును కన్నులుకన్నులుగా మలచి, ఒక వరుసలోని కన్నులగుండ పైవరుస కన్నులను లాగుట వలన అవి యేర్పడును. నరసాపురపు స్త్రీలు కొక్కెపుసూదితో లేసు అల్లుట చూచినవారికి కన్నులోనుండి కన్ను లాగుట యననేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. విధానము వేఱైనను మూలసూత్రము సన్నిహితమే. కన్ను సాగి మరల ముడుచుకొనును గనుక, అల్లికబట్ట పిక్కమీద విప్పారి, చీలమండకడ ముడుచుకొని, కాలి నంటియుండును. మేజోళ్ళ సుఖమంతయు ఈ గుణమునందే కలదు. వాని దుఃఖము కూడ నిందే కలదు. ఏలయన, ఒక కన్ను తెగెనా, దాని నాశ్రయించిన కన్నులన్నియు వరుసగా జారిపోయి, కాలిపొడవున చీలిక యేర్పడును. ఆ చీలికకు అడ్డముగా మెట్లవలె దారములు నిలిచియుండుట చూచి ఆంగ్లేయులు దానిని నిచ్చెన యని పిలిచిరి.

పదునాఱవ శతాబ్దమున ఇంగ్లండునందు మేజోళ్ళను చేతిసూదులతో అల్లుచుండిరి. పేదకుటుంబములకు, ముఖ్యముగా స్త్రీలకును పిల్లలకును, అది కూటికి దారి. ఎలిజబెత్తు రాణికి ఆమె పరిపాలనారంభకాలమున నల్లని పట్టుమేజోళ్ళు కానుకగా వచ్చెననియు, వాని మెత్తదనము నెఱిగిన పిదప ఆమె గుడ్డతో కుట్టిన మేజోళ్ళను మరల తొడుగలేదనియు ఆనాటి వృత్తాంతములలో నొక కథ కలదు. అల్లికకును, గుడ్డను కత్తిరించి కుట్టినదానికిని గల భేదము రాణి పాదములకే తెలిసినదన్నమాట.

1589 వ సంవత్సరమున నాటింగుహాము మండలములోని కాల్వర్టను గ్రామమునకు సంబంధించిన విలియము లీ యనునతడు అల్లికమగ్గమును కనిపెట్టెను. చేతిసూదులతో అల్లువారు ఒక్కొక్క కన్నును విడివిడిగా మలచవలెను. లీ మగ్గమున కన్నుకొక సూది చొప్పున అమర్చబడి, వరుసంతయు ఒక్కమారే అల్లబడును. అతడు రాణి నాశ్రయించి ఏకాధికారపత్రమును కోరెను. తొలుత అల్లిన ఉన్నిమేజోళ్ళు ముతకగా నున్నవని రాణి యొప్పుకొనలేదనియు, అతడు సూదులను సన్నముచేసి పట్టుమేజోళ్ళను అల్లి తెచ్చినను, చేతిపనివలన బ్రదుకు బీదల నోటికూడు పోవునని నిరాకరించెననియు సంప్రదాయకథ. లీ ఫ్రాన్సునకు పోయి నాలుగవ హెన్రీ రాజు ప్రాపున రువాను నగరమున పని సాగించెను. 1610 లో ఆ రాజు హత్యకు గురికాగా లీ ఆశ్రయమును గోల్పోయి, కొలదికాలమునకే పరదేశమున మరణించెను. అతని సోదరుడు జేమ్సు ఇంగ్లండునకు మరలివచ్చెను. కాలక్రమమున నాటింగుహాము, డార్బీ, లెస్టరు మండలములు మేజోళ్ళ పరిశ్రమకు పుట్టినిండ్లయ్యెను. 1657 లో క్రామ్వెలు ప్రభుత్వము అల్లికమగ్గపు పనివారల సంఘమునకు శాసనపత్రము నొసంగెను. ఏ పని వలన బీదలు చెడుదురని రాణి భయపడెనో, ఆ పనియే వేలకొలది బీదలకు జీవనాధారమాయెను.

పిమ్మట సుఖము విషయమున ఒక మంచి మార్పు వచ్చినది. లీ మగ్గము చదునైన అల్లికనే అల్లెడిది. 1758, 1759 సంవత్సరములలో డార్బీకి చెందిన జెడిడయా స్ట్రట్టు దానికి మఱియొక సూదులవరుసను జోడించి, గీతలుగీతలుగా పొంగిన అల్లికను సాధించెను. ఇట్టి అల్లిక అడ్డముగా మిక్కిలి సాగి, విడిచినంతనే పూర్వరూపమును పొందును. నేడును మన పిల్లల బడిమేజోళ్ళ పైయంచున కనబడు గీతల యల్లిక ఈ జాతిదే. కాలిని నొక్కక పట్టియుండు గుణము దాని వలన కలిగినది.

అయితే మన్నిక కథ వేఱుగా నడచినది. మంచి మేజోడును మగ్గముమీద అల్లునపుడే కాలి ఆకృతికి తెత్తురు. పిక్కకడ కన్నుల సంఖ్యను హెచ్చుగా నుంచి, చీలమండకు దిగుకొలది తగ్గింతురు. అంచు లెక్కడను తెగవు గనుక, ఆ తెగని యంచులను కలిపి కుట్టినచో కుట్టు చిరకాలము నిలుచును. ఈ పనికి నేర్పును, కాలమును కావలెను. పందొమ్మిదవ శతాబ్దారంభమున కొందఱు వ్యాపారులు తేలికమార్గమును పట్టిరి. వెడల్పుమగ్గములమీద పెద్దపెద్ద అల్లికపలకలను అల్లించి, వానిని కత్తెరతో కాలి ఆకారమున కత్తిరించి, కుట్టి అమ్మజొచ్చిరి. కత్తెర తగిలినచోట కన్నులు తెగును. అంగడిలో రెండు రకములును ఒక్కతీరున కనబడును. ఇంటికి కొనిపోయి కొలదిమార్లు ఉతికినంతనే కుట్టు విడిపోయి, అల్లిక యూడివచ్చును. కొన్న స్త్రీ ఎవరిని నిందించును? వ్యాపారిని ఆమె యెఱుగదు. నాటింగుహాము మేజోళ్ళు మంచివి కావనును. అట్లు కల్తీసరకు వలన లాభము వ్యాపారికిని, అపకీర్తి పనివానికిని దక్కుచుండెను.

ఆ పనివారి దశ మొదలే దయనీయము. మగ్గము పనివానిది కాదు; దానికి వారవారము అద్దె చెల్లింపవలెను. యుద్ధముల వలన వర్తకము మందగించెను, కూలి తగ్గెను, ధాన్యపువెల పెరిగెను. 1811 మార్చి నెలలో నాటింగుహాము చెంత ఆర్నల్డు గ్రామమున మగ్గములను పగులగొట్టుట ఆరంభమాయెను. లడ్డు అను కల్పితనాయకుని పేర బెదరింపుజాబులు వ్యాపించెను. నేడు లడ్డైటు అను మాటను యంత్రద్వేషి యను అర్థమున వాడుచున్నారు. నాటింగుహాము పనివారి యెడ అది పూర్తిగా న్యాయము కాదు. వారు స్వయముగా యంత్రములమీదనే బ్రదుకువారు. రెండువందల యేండ్లుగా వాడుకలో నున్న యంత్రమును వారేల ద్వేషింతురు? కూలి తగ్గించిన యజమానుల మగ్గములు, కత్తిరింపుసరకు నల్లు మగ్గములు వారి సుత్తెలకు గురియైనవి. హింస తప్పే. కాని ఆ తప్పు వెనుక నున్న ఫిర్యాదు, మేజోళ్ళు కొను ప్రతి గృహిణి ఫిర్యాదునకు సోదరియే.

ప్రభుత్వము ఆ ఫిర్యాదును వినుటకు మునుపే దండమును చేపట్టినది. మగ్గమును పగులగొట్టినవారికి మరణశిక్ష విధించు బిల్లును తెచ్చెను. 1812 ఫిబ్రవరి 27 వ తేదీన కవి బైరను ప్రభువు, తన సభలో తన ప్రథమోపన్యాసముననే, దానిని ప్రతిఘటించెను. కొత్తమగ్గముల సరకు నాసిదనియు, ఎగుమతికై తొందరపాటున తయారగుచున్నదనియు, వృత్తివారు దానిని సాలీటిపని యని యెగతాళి చేయుదురనియు ఆయన సభ్యులకు వివరించెను. ఫలము లేదు, బిల్లు శాసనమాయెను. ఆ యేటనే గ్రావెనరు హెన్సను నాయకత్వమున పనివారు సుత్తెను విడిచి అర్జీని చేతబట్టిరి. అల్లికపరిశ్రమలోని మోసములను నివారింప శాసనము చేయుడని పార్లమెంటును వేడిరి. సామాన్యసభ మార్పులతో దానిని అంగీకరించినను, ప్రభువులసభ త్రోసివేసెను. యంత్రమును రక్షించుటకు ఉరికొయ్యను నిలిపిన ప్రభువులకు, సరకు నాణ్యమును రక్షించుటకు చిన్న నిబంధన చేయుట వర్తకస్వాతంత్ర్యమునకు భంగకరముగా తోచినది! ఆనాడు ఆ నిబంధన నిలిచియుండిన యెడల, పనివానికి కూలియు, కొనుదానికి మన్నికయు ఒక్కత్రోవనే లభించియుండెడివి.

యంత్రమే ఆ కొఱతను కొంత తీర్చినది. 1864 లో లఫ్‌బరో నివాసి విలియము కాటను, కన్నులను తానే పెంచుచు తగ్గించుచు, పెక్కు మేజోళ్ళను ఏకకాలమున ఆకృతికి అల్లగల యంత్రమునకు అధికారపత్రమును పొందెను. నేర్పరి చేతులు చేసెడి పనిని ఇనుపచేతులు నేర్చినవి. ఒకప్పుడు ధనికులకే దక్కిన తెగని యంచుల మేజోళ్ళు మధ్యతరగతి యిండ్లకు వచ్చినవి. యంత్రము మంచిదా, చెడ్డదా యను వాదమునకు ఈ రెండు యంత్రములును సమాధానములే. ఒకటి మోసమునకు తోడ్పడినది, రెండవది నాణ్యమునకు తోడ్పడినది.

ఇక మేజోళ్ళను జారకుండ నిలుపుట యెట్లు? చిరకాలము స్త్రీలు మోకాలికడ కట్టుపట్టీలను బిగించి కట్టుకొనిరి. అవి రక్తప్రసారమునకు అడ్డగునని వైద్యులు ఆక్షేపించిరి. పందొమ్మిదవ శతాబ్దము కడపట నడుముకట్టు నుండి వ్రేలాడు సాగెడి పట్టీలు వ్యాప్తికి వచ్చెను. 1881 లో లండనునందు హార్బర్టను ప్రభ్వి మొదలగువారు స్థాపించిన హేతుబద్ధవస్త్రధారణ సంఘము, స్త్రీల లోదుస్తుల బరువు ఏడు పౌనులకు మించరాదని ప్రకటించెను. మూడు కిలోగ్రాములకు పైబడిన బరువు గరిష్ఠపరిమితి యైనచో, అంతకుమున్ను ఆ స్త్రీలు మోసిన భార మెంతటిదో చదువరులు ఊహింపవచ్చును. దేహమునకు దుస్తు లమరవలెను గాని, దుస్తులకు దేహము లొంగరాదని ఆ వనితలు చాటిరి. వారిని పత్రికలు పరిహసించినవి. కాలము వారి పక్షముననే తీర్పు చెప్పినది.

మొదటి ప్రపంచయుద్ధానంతరము స్కర్టు అంచు పైకి లేచి, 1920 తరువాతి దశాబ్దమున మోకాలిని సమీపించెను. దానితో మరుగున నున్న మేజోళ్ళు వెలుగులోనికి వచ్చినవి. పట్టుమేజోళ్ళకు గిరాకి ప్రబలెను. పట్టు కొనలేనివారు కృత్రిమపట్టును కొనిరి. అది మిక్కిలి మెఱయును గాని, తడిసినప్పుడు బలమును చాల గోల్పోవును గనుక ఉతుకుట గండమే. అమెరికా మేజోళ్ళకు పట్టు జపానునుండి వచ్చెడిది. జపాను గ్రామములలో పట్టుపురుగులను పెంచు రైతుకుటుంబముల బ్రదుకు ఇట్లు అమెరికా స్త్రీల కాళ్ళతో ముడివడినది. 1929 లో అమెరికాలో ఆర్థికసంక్షోభము పుట్టగా పట్టువెల కూలి ఆ రైతులు దుర్భరముగా నలిగిరి. 1937 లో జపాను చైనాపై దండెత్తగా, అమెరికాలో పలువురు స్త్రీలు పట్టుమేజోళ్ళను బహిష్కరించి నూలుమేజోళ్ళను తొడిగిరి. ఆ యేటి డిసెంబరులో వాసరు కళాశాలయందు సమావేశమైన విద్యార్థులు పట్టుదుస్తులను మంటలో వేసిరి. విదేశీవస్త్రదహనమును కన్న మన దేశమువారికి ఈ వార్త సుపరిచితమైన ధ్వనిగా నుండకపోదు.

ఇంతలో రసాయనశాస్త్రము రంగమున ప్రవేశించెను. డ్యూపాంటు సంస్థవారి ప్రయోగశాలలో వాలెసు కరోథర్సు నాయకత్వమున పరిశోధకులు 1935 ఫిబ్రవరిలో నైలానును సాధించిరి. 1939 అక్టోబరు 24 వ తేదీన విల్మింగ్టను నగరమున 4,000 జతల మేజోళ్ళు అమ్మకమునకు పెట్టగా అవి కొన్నిగంటలలోనే చెల్లిపోయినవి. 1940 మే 15 న దేశమంతట విక్రయ మారంభమాయెను. మొదటి సంవత్సరమున దాదాపు 6 కోట్ల 40 లక్షల జతలు అమ్ముడైనవి. ఆవిష్కర్తయగు కరోథర్సు ఈ వైభవమును చూడనేలేదు. అతడు 1937 లోనే ఆత్మహత్య చేసికొనెను. నైలాను పట్టుకంటె గట్టిది, త్వరగా ఆరునది. ఆవిరివేడిమిచే ఒకమా రొక ఆకృతికి తెచ్చినచో దానిని విడువదు. కావుననే కాలక్రమమున వెనుకకుట్టు లేని గుండ్రని మేజోళ్ళు సాధ్యమైనవి.

స్త్రీల సంతోషము స్వల్పకాలికమే యయ్యెను. 1942 లో అమెరికాలో నైలాను గొడుగుబట్టలకు, అనగా విమానములనుండి దుముకు సైనికుల పారాచ్యూటులకు, త్రాళ్ళకు, టైరులకు మరలినది. స్త్రీలు కాళ్ళకు రంగు పూసికొని, మేజోటికుట్టును పోలునట్లు వెనుక గీతను గీసికొనిరి. బ్రిటనులో 1941 జూను 1 న వస్త్రములకు కూపనులు విధింపబడెను. ఏడాదికి 66 కూపనులలో మేజోళ్ళ జత కొకటికి రెండు పోయెడివి. 1943 లో అచటి వాణిజ్యశాఖ, ఉన్నదానితో సరిపుచ్చుకొని బాగుచేసికొనుడని గృహిణులకు చిన్నపుస్తకమును ప్రచురించెను. పూర్వము నాయనమ్మలకు తెలిసి, మధ్యకాలమున మఱుగుపడిన రఫూవిద్య మరల గౌరవమునకు వచ్చెను. యుద్ధము ముగిసిన పిదప నైలాను మేజోళ్ళకై అమెరికా పట్టణములలో త్రోపులాటలు జరిగెను. పిట్సుబర్గునందు 13,000 జతలకై దాదాపు 40,000 మంది బారులు తీరిరి. ఇదంతయు ఆడవారి చాపల్యమని నవ్వినవారు కలరు. చలిలో పనికి పోవు స్త్రీ మేజోళ్ళు లేక పోరాదను నియమమును ఏర్పఱచిన కచేరీలును, అంగళ్ళును ఎవరివో వారు మాత్రము అడుగలేదు.

సుఖము విషయమున కడపటి పెద్దమార్పునకు మూలము ఒక గర్భిణి ఫిర్యాదు. ఉత్తర కరోలినాలోని గ్లెన్‌ రేవను మిల్లుల అధిపతి అలెను గాంటు భార్య ఎథెలు, గర్భముతో నుండగా నడుముకట్టును, పట్టీలును భరింపజాలనని భర్తతో చెప్పెననియు, లోదుస్తును మేజోళ్ళను ఏకముచేయరాదా యను యోచన అందుండి పుట్టెననియు ఆ కుటుంబమువారు చెప్పిరి. 1959 లో ఆ మిల్లులు నడుమువఱకు ఒక్కటిగా నుండు మేజోళ్ళను విక్రయింపనారంభించెను. 1958 లో డ్యూపాంటు సంస్థయందే జోసెఫు షివర్సు సాధించిన మిక్కిలి సాగెడి నూలు, లైక్రా యను పేర వెలసి, వీనికి తోడయ్యెను. కొలదియేండ్లకు తొడవఱకు లేచిన పొట్టిస్కర్టులు ప్రబలుటతో పట్టీలు మూలబడి, ఈ కొత్తరకమే నిలిచెను. చూడుడు: నాలుగు శతాబ్దములలో తొడుగువారి మాటను మిల్లు యజమాని నేరుగా విన్న సందర్భము, ఆ తొడుగునది అతని యింటనే యుండుట వలన గదా లభించినది!

నేడు అమెరికా, బ్రిటను మొదలగు చలిదేశములకు చదువునకును, ఉద్యోగములకును పోయిన తెలుగుస్త్రీలు వేనవేలు. స్కర్టు తొడుగుకొనువారికి ఈ చరిత్రము కొంత వ్యావహారికవిద్యను నేర్పును. మేజోళ్ళ పెట్టెమీద డెనియరు అను సంఖ్య ముద్రితమై యుండును. 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగునో ఆ సంఖ్య చెప్పును. 15 డెనియరన్నచో తొమ్మిది కిలోమీటర్ల నూలు పదునైదు గ్రాములే! అట్టిది గోరు తగిలిన చిరుగుట నూలు తప్పు కాదు, సూక్ష్మతకు మనము చెల్లించు వెల. నిత్యము పనికి పోవువారు 40 అంతకు మించిన సంఖ్య గలవానిని కొనుట మేలు. మడమకడను, వ్రేళ్ళకడను రెట్టింపు దట్టముగా అల్లిరో లేదో చూడవలెను. కొలత చిన్నదైనచో ప్రతి కన్నును ఎల్లప్పుడు సాగియుండి త్వరగా తెగును. కావున ఎత్తునకును, నడుమునకును తగిన కొలతనే యెన్నుకొనవలెను. తొడుగునప్పుడు ఉంగరములను తీసి, మేజోడును వ్రేళ్ళవఱకు చుట్టి మెల్లగా పైకి విప్పవలెను. వేడినీరు, వేడిగాలి, తెల్లబఱచు మందులు సాగెడి నూలునకు శత్రువులు. చల్లనినీట ఉతికి నీడను ఆరవేయవలెను. గట్టిచలికి ఉన్నికి కొంత నైలాను కలిపినవి వెచ్చదనమును, మన్నికను రెంటిని ఇచ్చును.

ఇంతకును మన్నిక నూలులో మాత్రమే లేదు. పట్టు వచ్చెను, కృత్రిమపట్టు వచ్చెను, నైలాను వచ్చెను. ప్రతిదియు ఇదే కడపటిదని చాటబడెను. గట్టి నూలు దొరకినప్పుడెల్ల దానిని మరింత పలుచన చేయుటకే పోటీ పడిరి గాని, మరింత కాలము నిలుపుటకు పడలేదు. అంచు తెగకుండ అల్లిన మేజోడు ఉతుకులకు నిలిచినది, కత్తెరకు లొంగినది ఊడినది. ఆ భేదము 1812 లో పనివానికి తెలియును, ఉతికిన స్త్రీకి తెలియును. శాసనము చేయువారికి మాత్రమే తెలియకపోయెను. చేయువారును, తొడుగువారును ఒకరిమాట ఒకరు వినునట్టి యేర్పాటు లేనంతకాలము మధ్యవర్తి లాభమే మన్నును, మేజోళ్ళు మన్నవు. కొనుటకు ముందు కుట్టును త్రిప్పి చూచు గృహిణియు, ఇది యెన్నినాళ్ళు నిలుచునని అంగడివానిని నిలదీయు కన్యయు చేయునది పిసినారితనము కాదు. ఆ ప్రశ్న పనివాని నేర్పునకు గౌరవము, కల్తీకి అడ్డుకట్ట. చీరయైనను, స్కర్టైనను, మేజోళ్ళైనను, ఆ ప్రశ్నను మానక అడుగుట మన యిండ్ల ఆడపిల్లలకు నేర్పవలసిన విద్యలలో నొకటి.